తవుడుకు కొన్నవాడు గౌలిపురాకు వెళ్లిన రోజు

"నిన్ను తవుడుకు కొన్నామురా" అని పిల్లల్ని ఏడిపించని ఇల్లు మన వైపు ఉండదు. మా ఇంట్లోనూ అనేవారు. నేను రాగం తీసేవాణ్ణి, మా అమ్మ సుబ్బమ్మ ఒళ్లో కూర్చోబెట్టుకుని నోట్లో బెల్లం ముక్క పెట్టేది. బెజవాడలో సొంతంగా కాఫీ హోటలు పెట్టుకుని, ముగ్గురు పిల్లల తండ్రినై, ముప్పై ఎనిమిదేళ్లు వచ్చాక ఆ మాట మళ్లీ విన్నాను. అమ్మ పోయిన పదో రోజు. కృష్ణ ఒడ్డున కర్మ జరుగుతుంటే మా మేనమామకూ నాకూ మాటా మాటా పెరిగింది. ఆయన నలుగురిలోనూ నోరు జారాడు: "తవుడుకు కొన్న వెధవ్వి, నీకింత పొగరేమిట్రా!" ఎవరూ నవ్వలేదు. బ్రాహ్మడు దర్భలు సర్దుకుంటూ తల దించుకున్నాడు. అందరికీ తెలిసిన సంగతి నాకొక్కడికే తెలియదని అప్పుడు అర్థమైంది. ఆ సాయంత్రం మేనమామను నిలదీస్తే కక్కాడు. మా నాన్న హైదరాబాదులో ధాన్యం కొట్టు గుమాస్తాగా ఉన్న రోజుల్లో గౌలిపురాలో అద్దెకుండేవారట. పక్కింటి పాల మల్లమ్మ దగ్గర, పురిటి వాసన ఆరని నన్ను, చేటెడు తవుడు పోసి మా అమ్మ కొన్నదట. "దత్తత పత్రం ఏదైనా రాసుకున్నారా?" అన్నాను. "తవుడుకు కొంటే పత్రమేమిట్రా" అన్నాడు. అడుగుదామంటే నాన్న ఎప్పుడో పోయాడు, అమ్మ ఇప్పుడు పోయింది. మా ఆవిడ "ఇప్పుడివన్నీ తవ్వుకోవడం దేనికండీ" అంటూనే ఉంది. నాకు నిద్ర పట్టలేదు. కన్నది బతికుంటే ఆమె ముందు నిలబడి "ఎందుకమ్మావు?" అని అడగాలి. అడిగాక ఆ నోటితో ఒక్కసారి "కొడకా" అనిపించుకోవాలి. అంతకన్నా నాకేమీ అక్కర్లేదు.

నాలాగే పుట్టినిల్లు వెతుక్కుంటూ బయల్దేరేవారి కోసం దారి సంగతులు చెబుతాను. బెజవాడలో సాయంత్రం బండెక్కితే కాజీపేట మీదుగా తెల్లవారేసరికి హైదరాబాదు చేరతారు. యుద్ధం ధర్మమా అని మూడో తరగతిలో కాలు పెట్టే చోటు లేదు. నేను నా ట్రంకు పెట్టె మీదే కూర్చుని వెళ్లాను. నైజాం సరిహద్దు దాటాక మన ఇంగ్లీషు కల్దారు రూపాయలతో ప్రతిచోటా పేచీయే. అక్కడ నైజాం నాణెం, హాలీ సిక్కా, చెల్లుతుంది. స్టేషను బయట సేట్లు మార్చి ఇస్తారు, నాలుగు చోట్ల అడిగి మార్చుకోండి. నేను తొందరపడి మొదటివాడి దగ్గరే మార్చి తిట్టుకున్నాను. నాంపల్లిలో దిగి ఒక ఇరానీ హోటల్లో చాయ్ తాగాను. హోటలువాణ్ణి కనక ఒప్పుకోక తప్పదు, చాయ్ బాగుంది. పాలు మాత్రం మరిగించి మరిగించి చంపేశారు.

ముందు కాగితాల పని చూద్దామని జనన మరణాలు రాసే దఫ్తరుకు పోయాను. పది గంటలకు తెరిచారు. అంతా ఉర్దూ. నాకొక్క ముక్క రాదు. అక్కడి మున్షీ నడివయసు మనిషి, మర్యాదస్తుడే, కుర్చీ చూపించాడు.

"పుట్టినోళ్ల రిజిస్టర్ల చూడాల్నంటే నాయిన పేరు చెప్పాలె సాబ్."

"ఆ పేరు తెలుసుకుందామనే వచ్చానండీ."

"నాయిన పేరు తెల్వకుంటే యాడ దేవులాడాలె?"

"తల్లి పేరు మల్లమ్మ. గౌలిపురాలో పాలమ్మేది."

"పట్నంల గల్లీకి పదిమంది మల్లమ్మలుంటరు సాబ్" అని నా ఈడు అడిగి వేళ్ల మీద లెక్క వేశాడు. పెదవి విరిచాడు. "మీరు పుట్టినప్పటి కాయితాలు మూసీ వరదల పోయినయ్. మీ ఒక్కరియే గాదు, మస్తు మంది గిట్లనే వచ్చి పోతరు. గీడ కూసుంటే ఫాయిదా లేదు. గల్లీల ముసలోళ్లుంటరు, అడుగుండ్రి."

తండ్రి పేరు కోసం కాగితం చూడాలట, కాగితం చూడాలంటే తండ్రి పేరు కావాలట. ఆ కాగితం కూడా ఏట్లో కలిసింది. నా పుట్టుకకు సాక్ష్యం తవుడు తప్ప ఏమీ మిగల్లేదని మెట్లు దిగుతూ నాలో నేనే తిట్టుకున్నాను. బయట జట్కా మాట్లాడుకున్నాను. బండివాడు నయాపూల్ దాటి, చార్మినార్ పక్క నుంచి, షాలిబండ ఎక్కి గౌలిపురాకు తోలుతానన్నాడు. ఎనిమిదణాలు అడిగితే ఆరుకు దింపాను. గుర్రం ముసలిది. తోలేవాడూ కుర్రాడు కాదు గానీ వాడి నోరు మాత్రం ఊరుకోదు.

"గౌలిపురల ఎవలున్నరు భాయ్ మీకు? చుట్టాలా?"

ఏం చెప్పను? "బెజవాడ నుంచి వచ్చాను, పాలవాళ్లతో పనుంది" అన్నాను.

"అరె, పాలకోసం బెజవాడకెళ్లి ఒస్తరా ఎవలన్న!" అని వాడు పగలబడి నవ్వాడు. నాకు ఒళ్లు మండి మొహం అటు తిప్పుకున్నాను.

మేనమామ చెప్పిన గుర్తు ఒక్కటే, పీర్లను నిలిపే ఆషూర్‌ఖానా పక్కన గాజుల దుకాణం. అది ఉంది. లక్క గాజులు కాల్చే కుంపటి ముందు ఒక ముసలమ్మ, కళ్లద్దాలకు దారం కట్టుకుని, గాజు మీద అద్దం తునకలు అతుకుతోంది. పేరు ఖాసింబీ. సుబ్బమ్మ కొడుకునని చెప్పగానే చేతిలో గాజు పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. "యా అల్లా, చాటల పొల్లగాడివి!" అని నా గడ్డం పట్టుకుంది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషిని, నడివీధిలో, గడ్డం పట్టుకుని అలా ఎవరూ పిలవలేదు. పీట వేసి కూర్చోబెట్టింది. నేను కూర్చుంటూనే కడుపులో ఉన్నది కక్కేశాను. "అమ్ముకుంది కదా బీబీ, చేటెడు తవుడుకు! బర్రెకు పెట్టే తవుడుకు!"

"అమ్ముకోలే బేటా. నువ్వు బత్కాల్నని అమ్మింది" అంది ఖాసింబీ. "నీకంటే ముందు మల్లమ్మకు ముగ్గురు పుట్టి పోయిండ్రు. పిల్లలు దక్కనోళ్లు పుట్టినదాన్ని చాటల ఏసి పక్కింటోళ్లకు తవుడుకు అమ్ముతరు. గీ పొల్లగాడు గీ ఇంటోడు గాదని సావును మోసం చేసుడన్నట్టు. పొద్దుగూకినంక గంత తవుడు మళ్ల పోసి కొనుక్కుంటరు. మా ముసల్మానులల్ల గూడ చేస్తరు. మీ అమ్మ సుబ్బమ్మ కొన్న దినమే నీకు కాక ఒచ్చింది, ఒళ్లు సలసల. సుబ్బమ్మ ఒళ్లె పండుకున్నంక దిగింది. మల్లమ్మ బుగులు పడ్డది, మళ్ల కొంటె కాక తిరిగి ఒస్తదని. ఇప్పుడే కొనను, నోట్ల పండ్లు రానియ్ అన్నది. పండ్లొచ్చినయ్. నడ్వనియ్ అన్నది."

"మరి నాకు పాలు?"

"తనే ఇచ్చేది. ఒచ్చి, పాలిచ్చి, సుబ్బమ్మతోని ఒక పైస తీస్కొని పోయేది. ఊకె ఇస్తె తల్లి అయితనని. గాపాటికి సుబ్బమ్మ పెనిమిటికి బెజవాడల నౌకరి దొరికింది. నేనప్పుడు గీడనే ఉన్న. సుబ్బమ్మ ఏడ్సుకుంట అడిగింది, తీస్కపోనా మల్లమ్మా అని. ఆమె కొడుకును ఆమె తీస్కపోతె నన్ను అడుగుడేంది అని, బర్రె పిండనీకి పోయింది." ఖాసింబీ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "నీ తర్వాత ఇంకిద్దరు పుట్టిండ్రు. వాళ్లను గూడ చాటల ఏసి అమ్మింది. పొద్దుగూకంగనే కొనుక్కున్నది. ఇద్దరు దక్కలే. నీ నాయిన గూడ పోయిండు. ఒక్కతే ఉంటది. పో, ఆ నీలం తల్పు. లొల్లి చెయ్యకు బేటా."

మధ్యాహ్నం మూడు దాటింది. నీలం తలుపు లోపల రేకుల కొట్టం, రెండు బర్రెలు, పేడ వాసన, తవుడు వాసన. సన్నగా, నల్లగా, చెంపలు లోపలికి పోయిన మనిషి గోలెంలో కుడితి కలుపుతోంది. గోలెమంటే అక్కడ పశువుల తొట్టి. మా పెద్దమ్మాయి నుదురు, మా పెద్దమ్మాయి చెవులు.

"పాలా? పొద్దుగాలయి అయిపోయినయ్. కొంచెం ఆగితె పిండుత" అంది తలెత్తకుండా.

"పాలకు రాలేదు. బెజవాడ నుంచి వచ్చాను. సుబ్బమ్మ కొడుకుని."

తవుడు బస్తాలోకి పోయిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. తలెత్తి నన్ను కింద నుంచి పైదాకా చూసింది. నా చెప్పులు, పంచె, చేతి గడియారం, నెరిసిన జుట్టు, ఒక్కొక్కటే చూసింది.

"సుబ్బమ్మ మంచిగున్నదా?"

"పోయింది. మొన్న మాఘంలో."

"అయ్యో. మంచి మనిషి." "మీకు పిల్లలెందరు?"

"ముగ్గురు."

"ముగ్గురు ఉన్నరా?"

ఉన్నరా అంటే బతికున్నారా అని. "ఉన్నారు" అన్నాను.

"జరాలు గిట్ల వస్తయా?"

"లేదు. బాగున్నారు."

ఆమె కళ్లు మూసుకుని తల ఊపింది. కన్నకొడుకును మీరు, మీకు అంటోంది. రైలంతా సాధన చేసుకుంటూ వచ్చిన "ఎందుకమ్మావు" ఖాసింబీ గుమ్మం దగ్గరే చచ్చిపోయింది. రెండోది మిగిలింది. "నేను నీ కొడుకుని. నీకూ తెలుసు. ఒక్కసారి ఆ మాట అను, వెళ్లిపోతాను" అన్నాను.

"నాకు పిల్లలు లేరయ్యా. పుట్టిండ్రు, పోయిండ్రు. మీరు సుబ్బమ్మ కొడుకు."

నాకు రేగింది. లొల్లి చెయ్యొద్దన్నా చేశాను. ఇంకేం చావు, ఎక్కడి చావు, నెత్తి నెరిసింది, ఈ వయసులో చాటలేమిటి, మోసాలేమిటి అని అరిచాను. బర్రెలు బెదిరి పలుపులు లాగాయి. ఆమె మాత్రం కదల్లేదు. చివరికి నేనే దిగొచ్చి, ఆమె ముందు కూర్చుని చెయ్యి చాపాను. "సరే, నీ పద్ధతే కానీ. ఆ చేతిలో తవుడు నా చేతిలో పొయ్యి. కొనుక్కో నన్ను. ఇప్పుడైనా కొనుక్కో."

ఆమె పిడికిలి బస్తాలోంచి పైకొచ్చింది. వేళ్ల సందుల్లోంచి తవుడు రాలుతోంది. ఆ చెయ్యి నా వైపు రావడం నేను చూశాను, ఒట్టు, సగం దూరం వచ్చింది. పక్కకు తిరిగి తవుడంతా గోలెంలో వదిలేసింది. "గట్ల అడుగకుండ్రి అయ్యా, మీ కాళ్లు మొక్కుత" అని నిజంగానే నా కాళ్ల మీదికి వంగింది. కన్నతల్లి చేత కాళ్లు పట్టించుకున్న పాపం కూడా నా ఖాతాలో పడింది. నేను లేచి గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఏడ్చాను కూడా, దాచుకోవడమెందుకు.

పోతానని లేస్తుంటే "ఆగుండ్రి" అని చెంబు తీసుకుని బర్రె కిందికి వెళ్లింది. నురుగుతో గిలాస నింపి తెచ్చి కుడిచేత్తో నాకిచ్చి, ఎడమచెయ్యి చాపింది. అరచెయ్యి పైకి పెట్టి. ఎందుకో నాకు వెంటనే తట్టలేదు. తట్టాక జేబులో వెతికి ఒక హాలీ అణా ఆ అరచేతిలో పెట్టాను. పాలడబ్బులు వేసుకునే డబ్బా పక్కనే ఉంది. ఆమె అందులో వెయ్యలేదు. కొంగు చివర పెట్టి ముడి వేసుకుంది. పాలు వెచ్చగా ఉన్నాయి. పదిహేనేళ్లుగా పాలు కొని, కాచి, అమ్ముకుని బతుకుతున్నవాణ్ణి, ఆ గిలాసెడు పాలు నాకు మింగుడు పడలేదు. ఆమె నిలబడి చూస్తోంది కనక ఖాళీ చేసి ఇచ్చాను.

రాత్రి బండికి తిరిగొచ్చేశాను. మనసు తేలికపడిందని, తల్లి ప్రేమ తెలిసిందని రాస్తే మీకు బాగుంటుంది, కానీ అబద్ధం. నాకింకా మంటగానే ఉంది. చావును మోసం చేసిందట! అది హాయిగా ఆమె పిల్లలనీ మొగుణ్ణీ తీసుకుపోయింది, మోసపోయింది మేమిద్దరం. నన్ను పెంచిన అమ్మ చెప్పకుండా పోయింది, కన్న అమ్మ తెలిసీ చెప్పలేదు. తప్పెవరిదని వెతికితే ఇద్దరిదీ కాదు, అందుకే కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక నా దగ్గరే ఉంచుకున్నాను. అయినా మళ్లీ రెండుసార్లు వెళ్లొచ్చాను. ఎవరని గల్లీలో అడిగితే పాలకు వచ్చిన బేరం అని చెబుతుందట. పిల్లలు ఉన్నరా అని అడగడం మాత్రం మానలేదు. మీలో ఎవరైనా ఇలాంటి గుమ్మం వెతుక్కుంటూ పోయేట్టయితే ఒక్క మాట గుర్తుంచుకోండి: హాలీ సిక్కాలో చిల్లర దగ్గరుంచుకోండి. కన్నతల్లే కదా, పాలు ఊరికే పోస్తుందనుకుని మాత్రం పోకండి.