మధ్యాహ్నానికి కుదిరిన ఫైనల్

పావగడ తాలూకాలో సూర్యుడితో బేరమాడి గెలిచిన విలేకరిని నేనొక్కణ్ణే. సాయంత్రం ఆరుకు జరగాల్సిన కబడ్డీ ఫైనల్‌ను మండు వేసవిలో మధ్యాహ్నం మూడింటికి లాక్కొచ్చాను, అదీ పైసా ఖర్చు లేకుండా. మొన్న బస్టాండులో టీ తాగుతుంటే ఎదుటి గోడ మీద కొత్త పోస్టరు కనిపించింది. ఏదో ఊళ్లో పోటీలు, ఫైనల్ మధ్యాహ్నం రెండున్నరకట. నా పనితనం ఇంకొకడికి అబ్బినట్టుంది అనుకున్నాను. టీ మాత్రం సగంలోనే వదిలేసి లేచాను.

మా నాన్నది విత్తనాల అంగడి. మా వీధి పిల్లలకు ఎక్కాలకంటే ముందు బేరం వచ్చేది. ధర వినగానే ముఖం మాడ్చుకోవాలి, రెండడుగులు వెనక్కి వేయాలి, పిలిచేదాకా తిరిగి చూడకూడదు. ఇంత విద్య నేర్చుకుని అంగట్లో కూర్చోక, ఆటల వార్తలు రాసే విలేకరినయ్యాను. తాలూకా క్రికెట్టు, హైస్కూలు పరుగు పందేలు, జాతరలో రాతిగుండు ఎత్తే పోటీ, అన్నీ రాశాను. ఓడిన జట్టువాళ్లు వారం రోజులు పలకరించేవారు కాదు. గెలిచినవాళ్లు పేరులో అక్షరం తప్పిందని చెప్పడానికి పలకరించేవారు. రాష్ట్ర సరిహద్దు అవతల అచ్చయ్యే మా పేపరులో ఆటల పేజీ నాలుగింటికే మూసేస్తారు. ఆ తర్వాత మా తాలూకాలో ప్రపంచకప్పు జరిగినా మరో రోజు ఆగాల్సిందే.

ఆ ఏడు తిరుమణి ఊళ్లో పెట్టిన కబడ్డీ పోటీల ఫైనల్లో మా బావ ఆడుతున్నాడు. అక్క మొగుడు. పొలం సోలారు కంపెనీకి కౌలుకిచ్చి, ఆ ప్యానెళ్ల మధ్యే కాపలా ఉద్యోగం చేస్తూ, నలభై దాటినా కూతకు వెళ్తే ఇద్దరు ముగ్గురిని ముట్టి వచ్చే మనిషి. అదే తన చివరి ఆట అని అందరికీ చెప్పాడు. దాన్ని మర్నాడే పేపర్లో చూడాలని నా పట్టుదల. పోటీలు పెట్టిన ఊరి పెద్దాయన దగ్గరికి వెళ్లాను.

“ఎండ తగ్గినాంక పెట్టుకుందాం లేప్పా. నేల కాలతాండాది,” అన్నాడాయన.

నేను ముఖం మాడ్చుకున్నాను. సాయంత్రమైతే నాలుగు లైన్లు, అదీ ఎల్లుండి. మూడింటికైతే ఫోటోతో మూడు కాలమ్‌లు, అందులో మీరూ ఉంటారని చెప్పి రెండడుగులు వెనక్కి వేశాను. గడప దాటకముందే పిలిచాడు. బావను అడగనేలేదు. తర్వాత తెలిసి నవ్వాడు.

“ఏంది బామ్మర్దీ, నన్ను ఎండబెట్టి అమ్ముతావా?”

ఆ రోజు గాలి లేదు. మైదానానికి మూడు వైపులా సోలారు ప్యానెళ్లు, కంటికి ఆనినంత దూరం, అన్నీ ఒకే వైపు ముఖం పెట్టి దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు ఉన్నాయి. ఊరి కుక్కలన్నీ వాటి కింద నీడలో పడుకున్నాయి. ఇంత జనం వచ్చినా ఒక్కటీ మొరగలేదు. ట్యాంకరుతో నీళ్లు చల్లితే, సున్నంతో గీత గీసేలోపు నేల ఆరిపోయింది. పెద్దల ప్రసంగాలతో ఆట ఆలస్యంగా మొదలైంది. విరామానికి ఆటగాళ్లందరి బనియన్లూ పిండితే నీళ్లు కారేలా ఉన్నాయి. బావ బనియను పొడిగా ఉంది. ముఖం కందిపోయి ఉంది, నుదుటి మీద చుక్క చెమట లేదు. నన్ను చూసి, “ఏమప్పా, అంగడి తెరిచినారా?” అన్నాడు. పరాచికమనుకుని నవ్వాను. ఆ పొడి బనియను చూడగానే నాకు మంచి శీర్షిక తట్టింది. పేజీకి పావుగంటే ఉంది. సగం ఆటకే వార్త పంపించేశాను: ‘చెమట పట్టని వీరుడు’. స్కోరుకు చోటు వదిలితే ఆట ముగియగానే ఫోన్లో చెబుతానన్నాను.

రెండో సగంలో మొదటి కూత ఆయనదే. గీత దాటాడు. నాలుగడుగులు వేసేసరికి కూత ముద్దగా మారింది, తర్వాత ఆగిపోయింది. అవతలివాళ్లెవరూ ఆయన్ను పట్టుకోలేదు. తనంతట తానే మోకాళ్ల మీద కూలాడు. పాయింటు ఎవరికని జనం గొడవపడుతున్నారు. నేను కూడా పెన్ను పట్టుకుని ఆ మాట తేలడం కోసమే చూస్తున్నాను.

వడదెబ్బ అని చెప్పి, పావగడ ఆసుపత్రి నుంచి తుమకూరు పెద్దాసుపత్రికి పంపారు. అంబులెన్సులో కూర్చున్నాక పేపరుకు ఫోన్ చేయాలన్న సంగతే మరిచిపోయాను. మర్నాడు ఆ వార్త ఫోటోతో, మూడు కాలమ్‌లలో, నేను మాటిచ్చినట్టే వచ్చింది. ఆసుపత్రి వరండాలో కూర్చుని అక్క దాన్ని చివరిదాకా చదివింది.

“చెమట పట్టలేదని నీకు కనపడినాది గదా,” అంది. “నెత్తిన ఒక చెంబు నీళ్లు పోద్దామని తోచలేదేమిరా?”

ప్రాణం దక్కింది. కిడ్నీలు దెబ్బతిన్నాయి, ఒంటికి ఎండను తట్టుకునే శక్తి పోయింది. ఎండను అమ్ముకుని బతికే ఊళ్లో ఎండలోకి రాకూడని మనిషయ్యాడు. కాపలా ఉద్యోగం పోయింది. పగలంతా లోపలి గదిలో తడి తువ్వాలు కప్పుకుని, తలుపు సందులోంచి వెలుగు ఎందాకా వచ్చిందో చూస్తూ ఉంటాడు. పొద్దు వాలాక అరుగు మీదికి వస్తాడు. నేను వెళ్తే పక్కన చోటిచ్చి, ఎవరు గెలిచినారని అడుగుతాడు. నన్ను ఇంతవరకు ఒక్క మాట అనలేదు. అని ఉంటే, దాన్లోనూ ఎంతో కొంత తగ్గించమని బేరానికి దిగేవాణ్ణే.

లెక్క చూస్తే, ఆ బేరంలో నేను మిగుల్చుకున్నది ఒక్కరోజు మూడు గంటలు. ఆయన కట్టింది ఆ రోజు నుంచి ప్రతి పగలూ. ఇంకా కడుతూనే ఉన్నాడు.