నది ఒడ్డున రత్నకుమారి ఆంటీతో

మొన్న ఆష్‌బర్న్‌లో మా టౌన్‌హౌస్ వెనకున్న కుంటలో పూడిక తీశారు. కిటికీ తెరవగానే పచ్చి బురద వాసన గది నిండా వచ్చింది. మా ఆయన ముక్కు మూసుకుని కిటికీ వేయబోతే ఉండనివ్వమన్నాను. ఆ వాసనకు నాకు రత్నకుమారి ఆంటీ గుర్తొచ్చారు.

ఆమె మాకు రెండిళ్ల అవతల కూతురి దగ్గర ఉండేవారు. మచిలీపట్నంలో చాలా ఏళ్లు జువాలజీ లెక్చరర్‌గా పనిచేసి, రిటైరయ్యాక ఈ దేశం వచ్చారు. ఏనుగు తొండంలో కండరాలు ఎలా అమరి ఉంటాయో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన మనిషి, అడవిలో ఏనుగును ఒక్కసారి కూడా చూడలేదు. ఆదివారాలు తెలుగు చర్చి నుంచి వస్తూ మా ఇంటి ముందు ఆగి, రెయిలింగ్ మీద వాలిన పిట్ట పేరేమిటని నన్ను అడిగేవారు. తెలియదంటే, "ఇన్నేళ్ల నుంచి ఇక్కడుంటున్నావు. ఎదురింటి వాళ్ల కారు మోడల్ మాత్రం టకీమని చెప్తావు" అని నవ్వేవారు.

2012 ఏప్రిల్‌లో, ఏడో నెల నిండాక, నా బిడ్డ కడుపులోనే పోయింది. పలకరించడానికి వచ్చినవాళ్లందరూ "చిన్నదానివి, మళ్లీ పుడతార్లే" అన్నారు. నేను తలూపి, మూడో వారానికల్లా ఆఫీసుకు వెళ్లిపోయాను. ఆంటీ మాత్రం ఆ మాట అనలేదు. ఆగస్టులో ఒక సాయంత్రం వచ్చి, "జాంబియాలో నది ఒడ్డున ఒక లాడ్జ్ బుక్ చేసుకున్నాం. మా అమ్మాయికి లీవ్ దొరకలేదు. నాకు తోడొస్తావా?" అని అడిగారు. కాదనే ఓపిక కూడా లేక సరేనన్నాను.

ఆ లాడ్జ్‌లో గడ్డి కప్పు వేసిన గదులు ఏడో ఎనిమిదో ఉండేవి. వరండా కిందే నది. మేం వెళ్లిన అక్టోబరు అక్కడ ఎండాకాలం చివర కావడంతో నీళ్లు బాగా తగ్గి, నీటిగుర్రాలు ఒకదానినొకటి ఒరుసుకుంటూ పడుకునేవి. వాటిని మొదటిసారి చూసినప్పుడు ఆంటీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఇన్నేళ్లు పాఠం చెప్పాను గానీ, ఇంత కంపు కొడతాయని ఏ పుస్తకంలోనూ రాయలేదే!" అన్నారు. నెలల తర్వాత నేను నవ్వింది అప్పుడే.

మూడో రోజు పొద్దున వరండా ఎదుట, ఎండిపోతున్న పాయలో ఒక ఏనుగు పిల్ల కూరుకుపోయింది. పొట్ట దాకా బురద. తల్లి తొండంతో లాగుతోంది, పిల్ల జారిపోతోంది. మిగతా మంద గట్టు మీద నిలబడి ఉంది. మిగతా అతిథులు జీపుల్లో సింహాలను చూడటానికి వెళ్లిపోయారు. తాడు వేసి లాగలేరా అని లాడ్జ్ దగ్గరే ఉన్న గైడ్‌ను అడిగాను. తల్లి అక్కడుండగా మనుషులు దిగితే అది బెదిరి పిల్లనే తొక్కేస్తుందని, ఏం జరిగినా వాటికే వదిలేయాలని అతను మెల్లగా చెప్పాడు.

"నేను చూడలేనాంటీ. గదిలోకి పోతాను."

"వెళ్లాలనిపిస్తే వెళ్లమ్మా. నేనిక్కడే ఉంటాను."

లేచాను. రెండడుగులు వేసి, ఎందుకో మళ్లీ వచ్చి కూర్చున్నాను. ఆమె నది వైపే చూస్తూ అన్నారు. "మా అమ్మాయికి లీవ్ దొరికింది. నేనే దాన్ని ఆగమన్నాను."

"ఎందుకాంటీ?"

"నీతో కాసేపు కూర్చుందామని మూడుసార్లు మీ ఇంటికొచ్చాను. వచ్చినప్పుడల్లా టీ పెడతానని లేచిపోయావు. ఇక్కడైతే నీకు టీ పెట్టే పని లేదుగా." నా వైపు తిరిగి అడిగారు. "పాపకి ఏం పేరనుకున్నారు?"

ఆ మాట అంతవరకు నన్నెవరూ అడగలేదు. "నిత్య" అన్నాను. ఆమె ఆ పేరును ఒకసారి తనలో తాను పలికి, నా చెయ్యి పట్టుకున్నారు. నేను సిగ్గూ ఎగ్గూ లేకుండా వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె ఊరుకోమనలేదు.

ఎండ ముదిరాక మందలోని ముసలి ఏనుగు ముందుకొచ్చి, ముంగాలితో గట్టును తవ్వి వాలు చేసింది. మరో రెండు వెనక నుంచి నెట్టాయి. పిల్ల మోకాళ్ల మీద పైకి పాకింది, పడింది, లేచి తల్లి పొట్ట కిందికి దూరింది. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను.

"అది బయటికొచ్చింది కాబట్టి నీకూ అంతా బాగవుతుందని చెప్పొచ్చు. కానీ నేనలా చెప్పను. అది రాకపోయినా మనం ఇక్కడే కూర్చునేవాళ్లం" అన్నారు ఆంటీ.

రెండేళ్ల తర్వాత ఆమెకు జబ్బు చేసింది. చివరి రోజుల్లో సాయంత్రాలు వెళ్లి మంచం పక్కన కూర్చునేదాన్ని. ధైర్యం చెప్పాలని ప్రయత్నించలేదు. ఆమె కళ్లు మూసుకునే, కిటికీ బయట ఏ పిట్ట అరుస్తోందో నాకు చెప్పేవారు.

పోయిన నెల ఆఫీసులో నా పక్కన పనిచేసే అమ్మాయి తమ్ముడు చనిపోయాడు. వంట చేసి పట్టుకెళ్లాను. ఒకప్పుడైతే గిన్నె చేతిలో పెట్టి, ఏమైనా కావాలంటే ఫోన్ చెయ్యమని వచ్చేసేదాన్ని. ఈసారి లోపలికి వెళ్లి కూర్చుని, తమ్ముడి పేరేమిటని అడిగాను. ఆ అమ్మాయి చెప్పింది. తర్వాత అతని చిన్నతనం గురించి, గొడవల గురించి, ఆపకుండా చెబుతూనే ఉంది. నాలుగింటికి నాకు మీటింగ్ ఉంది. ఫోన్ మోగుతుంటే ఆపేసి, కుర్చీని ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాను.