పంతులమ్మగారి గుప్పెడు బియ్యం

ఆదివారం పొద్దున్నే ఆరాధనకు చీర కట్టుకుంటుంటే పంతులమ్మగారి కోడలు పెరటి గుమ్మంలోకి వచ్చి, "అత్తయ్యగారు తెల్లవారుజామున పోయారండీ" అంది. మా చర్చి సండేస్కూల్లో నాకూ, నా తర్వాత నా పిల్లలకూ పాఠం చెప్పింది ఆవిడే. జ్ఞాపకార్థ కూడికలో మా పాస్టరు అయ్యగారు నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. లేచి, "చాలా మంచి మనిషి" అని కూర్చుండిపోయాను. శుక్రవారం స్త్రీల కూడికల్లో గంటలకొద్దీ వాగిన నోరే ఇది! అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

బెజవాడలో మా ఇళ్ళు ఏలూరు కాలవ పక్కన. ఎండా వానా లేకపోయినా ఆవిడ చేతిలో గొడుగుండేది. ప్రార్థనలో పిల్లలు కళ్ళు బిగించి మూసుకుంటే, "అంత గట్టిగా ఎందుకర్రా, దేవుడేమన్నా కుంకుడురసమా?" అనేవారు.

వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా అందులోంచి గుప్పెడు తీసి పాలపిండి డబ్బాలో వేసేవారు. మా క్రైస్తవుల ఇళ్ళల్లో చాలామంది చేసే పనే ఇది. ఆదివారం చర్చిలో బుట్టలో పోస్తే దిక్కులేని ముసలమ్మలకు వెళతాయి. నాలాంటివాళ్ళం వారమంతా మరిచిపోయి శనివారం బస్తాలోంచి ఒక్కసారే ముంచుకుపోతాం. ఆవిడ ఒప్పుకునేవారు కాదు. "తిన్నాక మిగిలింది కాదమ్మాయ్, వండకముందు తియ్యాలి" అనేవారు.

రెండేళ్ళ కిందటి ఉప్పెనలో దివిసీమలో ఉన్న ఆవిడ తమ్ముడు, మరదలు, ముగ్గురు పిల్లలు కొట్టుకుపోయారు. ఆవిడ వెళ్ళి వెతికి, ఎవరి ఆనవాలూ దొరక్క ఐదోరోజు తిరిగొచ్చారు. నేను పలకరించడానికి వెళ్ళేసరికి పొయ్యి ముందు చేటలో బియ్యం పోసుకుని కూర్చున్నారు.

"నాకు ప్రార్థన రావట్లేదమ్మాయ్" అన్నారు తలెత్తకుండా. "మోకాళ్ళేస్తున్నాను, మాట రావట్లా. అసలు వినేవాడంటూ ఉన్నాడా అనిపిస్తోంది. నీతో అన్నాను, ఎవరితోనూ అనమాకు."

ఆ మాట అంటూనే గుప్పెడు బియ్యం తీసి డబ్బాలో వేశారు.

"మరి ఇదెందుకండీ?" అన్నాను. పెద్ద తెలివైనదాన్ని కదా.

"నాకు నమ్మకం పోయిందని ముసలమ్మలకి ఆకలి ఆగుద్దా?"

ఆ శుక్రవారం కూడికలో పాస్టరమ్మగారు, "ప్రార్థన అంశాలేమైనా ఉన్నాయా?" అని అడిగారు. నేను కొంగు నెత్తిన కప్పుకుని, గొంతు వణుకుతుండగా, "పంతులమ్మగారి విశ్వాసం కోసం ప్రార్థన చేయండి. దేవుడున్నాడా అంటున్నారు" అన్నాను. నాకు బాధ లేదని కాదు. కానీ ఎవరికీ తెలియని సంగతి నాకొక్కదానికే తెలుసన్న సంబరం కూడా ఆ వణుకులో ఉంది. ఈ మాట రాస్తుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఆదివారానికి చర్చంతా పాకిపోయింది. సంఘ పెద్దలు ఆవిణ్ణి కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమన్నారు. అన్నేళ్ళుగా ఆవిడ చెప్పిన తరగతిని తీసి ఎవరికిచ్చారనుకున్నారు? నాకే. నేను వద్దనలేదు. హాజరు పుస్తకం చేతికిస్తూ ఆవిడ, "వెనక చాప మీద కూర్చునే పిల్లకి చెవి సరిగా వినపడదు, ముందు కూర్చోబెట్టు" అన్నారు.

అప్పటినుంచి ఆవిడ గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన కూర్చునేవారు. పాటకు అందరితోపాటు లేచేవారు, పుస్తకం తెరిచేవారు, పెదవి మాత్రం కదిపేవారు కాదు. గుసగుసలాడే ఆడవాళ్ళ మధ్యనుంచే నడిచివెళ్ళి బుట్టలో బియ్యం పోసేవారు. ఒక్క ఆదివారం కూడా మానలేదు. నేనైతే ఇంకో చర్చి చూసుకునేదాన్ని.

క్షమించమని అడగాలని ఎన్నిసార్లు అనుకున్నానో! ఒకరోజు కాలవగట్టు మీద ఎదురుపడ్డారు. అడగాల్సింది వదిలేసి, "ఇప్పుడు ప్రార్థన వస్తోందాండీ?" అన్నాను.

ఆవిడ గొడుగు వెనక్కి వాల్చి నవ్వారు. "చెప్పను. శుక్రవారం దాకా ఆగలేవు నువ్వు."

ఆ నవ్వులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. ఈమధ్య జ్వరంతో మంచం పట్టారని తెలిసి కూడా, ఏ ముఖం పెట్టుకుని వెళ్ళనని ఇంట్లోనే ఉండిపోయాను.

నిన్న కోడలు ఆ పాలపిండి డబ్బా తెచ్చింది.

"ఆదివారం వీటిని మీరే పోసెయ్యండి. అత్తయ్యగారు మీకే ఇమ్మన్నారు. జ్వరంలో కూడా ఎసరు పెట్టేముందు డబ్బా మంచం దగ్గరికి తెమ్మనేవారండీ. చివరిరోజు గుప్పిట మూసుకోలేదు. నాలుగు గింజలే పడ్డాయి." ఆ పిల్ల డబ్బా మూత నొక్కి, "ఏడాదిబట్టి ప్రార్థన కూడా చేసుకుంటున్నారండీ. అందులో రోజూ మీ పేరుండేది" అంది.

"నా పేరా? ఏమని?"

"అది ఎవరితోనూ అనొద్దన్నారండీ" అని, డబ్బా నా చేతుల్లో పెట్టి వెళ్ళిపోయింది. ఆ పిల్లకు పాతికేళ్ళు కూడా ఉండవు.

డబ్బా మా పొయ్యి పక్కనే ఉంది. పొద్దున వంటకు బియ్యం కొలిచి, మూత తీసి చాలాసేపు చూశాను. ఆ చివరి నాలుగు గింజలు ఏవో పోల్చుకోలేకపోయాను.