రాక్షసి కడుపులో కత్తి పిల్ల

ఆ రోజుల్లో మా పాలమూరు పల్లెల్లో అక్షరం ముక్క వచ్చిన ఆడపిల్లంటే ఊరందరికీ ముద్దే. ఉత్తరం వస్తే నన్నే పిలిచేవారు, మందు సీసా మీద ఏం రాసుందో నన్నే అడిగేవారు. ఆ పొగడ్తలకు పదకొండేళ్ల నా తల ఎంత తిరిగిందంటే, అచ్చులో లేనిది కూడా చదవగలనని ఒక ఎండాకాలం నిరూపించుకున్నాను. దానివల్ల ఒక ప్రాణం మీదికి వచ్చింది.

ఎండాకాలం మధ్యాహ్నాలు మా పందిరి కింద అవ్వ, చిన్నమ్మ, ఇరుగుపొరుగు ఆడవాళ్లు కూర్చుని చింతపండు కొట్టి గింజలు తీసేవారు. ఆ చప్పుళ్ల మధ్య నేను వారపత్రికలో సీరియల్ గట్టిగా చదవాలి. అందులో ఒక రాజకుమారి ఒంటరిగా కత్తి పట్టి, మాయల మీద మాయలు దాటుకుంటూ, మనుషుల్ని మింగే రాక్షసి గుహకు బయల్దేరింది. పత్రికలో ఆమెకు మూరెడు పేరుండేది, మావాళ్లు 'కత్తి పిల్ల' అని తేల్చేశారు. మా నాన్న, బాపు, వారం వారం జడ్చర్ల పోయినప్పుడు పత్రిక తెచ్చేవాడు. ఒక వారం ఒట్టి చేతులతో వచ్చాడు.

పత్రిక రాలేదని చెప్పొచ్చు కదా! చెప్పలేదు. (నా గొప్ప పోతుందని భయం.) పాత సంచికే తెరిచి, తడుముకోకుండా సొంత కథ చదివేశాను. ఎక్కడ ఆపాలో తెలియక, రాక్షసి కత్తి పిల్లను గుటుక్కున మింగిందని పత్రిక మూసేశాను.

చింతపండు చప్పుడు ఆగిపోయింది. చిన్నమ్మ కళ్లొత్తుకుంటూ, "అయ్యో, నమిలిందా, మింగిందా? జర సరిగ్గ సూడవే!" అంది. "మింగిందే" అన్నాను. అవ్వ లేచి చేతులు కడుక్కుని పోచమ్మ గుడి దిక్కు తిరిగి దండం పెట్టింది. "తల్లీ, గా ఆడపిల్లను సల్లగ బయటికి తియ్యి. గీ మేకపిల్లను నీకిస్త."

ఆ మేకపిల్ల నాది! తల్లి చచ్చిపోతే నేనే పాలు పట్టి పెంచిన బొట్టుగాడు. అవ్వ వాడికి పసుపు పూసి మెడకు వేపాకు కట్టేసింది. "కథల మనిషికి మొక్కేందవ్వా?" అని ఏడ్చాను. "అచ్చుల వచ్చింది అబద్ధమెట్లయితదే? గామెకు ముందా ఎన్కా ఎవ్వరు లేరు. మనం గాకపోతే ఎవరు మొక్కుతరు?" అంది.

నిజం చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచి, బాపు చేతిలో బరిగె చూసి మూసుకున్నాను. కత్తి పిల్ల బయటికొస్తే బొట్టుగాడు పోతాడు. ఆపైన కూడా పత్రిక దొరకలేదు. అందుకని పాత సంచికే తెరిచి ఆమెను లోపలే ఉంచాను, మూడు వారాలు! ఒక వారం చీకట్లో దారి వెతికింది. ఒక వారం అంతకుముందే మింగబడిన ముసలమ్మను కలిసింది. మూడో వారం ఇద్దరూ రొట్టెలు చేసుకున్నారు. ("పిండి యాడిదే?" అని పక్కింటామె నిలదీసింది. ముసలమ్మ కొంగులో కట్టుకొచ్చిందన్నాను.) అవ్వ మాత్రం అన్నం సగంలోనే లేచిపోయేది. "గా పిల్లకు లోపల ఊపిరాడతలేదు, నాకు బువ్వెట్ల దిగుతది?"

ఇంతలో బాపు రాకుండా పోయిన సంచికలన్నీ ఒకేసారి తెచ్చాడు. ఒక్కదాన్నే కూర్చుని చదివాను. రాక్షసి ఆమెను మింగనే లేదు, పంజరంలో పెట్టింది. ఆమె కత్తి పారేసి ఏడుస్తుంటే ఎవరో రాజకుమారుడు గుర్రమెక్కి వచ్చి విడిపించి, పెళ్లాడేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అన్ని మాయలు దాటిన మనిషి ఏడుస్తూ కూర్చోవడమేమిటి!

మర్నాడు అదే పత్రిక తెరిచి, అందులో లేనిది చదివాను. కత్తి పిల్ల రాక్షసి డొక్క చీల్చి, ముసలమ్మను భుజాన వేసుకుని బయటికొచ్చింది. "నన్నెవరూ తియ్యలేదు, నాయంతట నేనే వచ్చిన! నా కోసం ఎవరేం మొక్కినా చెల్లదు!" అని అరిచింది. (అరిచింది నేనే.) నా కళ్లు అవ్వ మీదే ఉన్నాయి.

అవ్వ చేతిలోని చింతపండు గంపలో వేసింది. కొంగుతో మొహం తుడుచుకుంది. "తన కత్తితోని తనే బయటపడ్డంక తల్లికి మేకెందుకు? కొబ్బరికాయ కొడుదాం. గా వేపాకు తీసెయ్యే" అంది.

పరుగెత్తి తెంపేశాను. బొట్టుగాణ్ణి పట్టుకుని ఎంత ఏడ్చానో! హమ్మయ్య అనే మాటకు అర్థం నాకు ఆ రోజే తెలిసింది. అవ్వ ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నది.

పత్రికలో ఆ సీరియల్ పెళ్లితో అయిపోయింది. మా పందిరి కింద మాత్రం కత్తి పిల్ల పెళ్లి ఊసెత్తకుండా ఇంకో రెండు ఎండాకాలాలు రాక్షసుల్ని చంపింది. అన్ని తలలు నరికించిన పిల్లను నేనేనా అని ఇప్పుడు నవ్వొస్తుంది. వంటింట్లో బల్లి కనబడితే మనవరాలిని కేకేస్తున్నాను. అది చీపురు పట్టుకుని వచ్చి, "జరుగు నానమ్మా" అంటుంది. నేను బుద్ధిగా జరుగుతాను.