మలుపులో పెదనాయన

పోయిన సోమవారం పొద్దున మా పెదనాయన పోయాడు. ఆస్పత్రి నుంచి కబురు తెచ్చినవాళ్లతో "డాక్టరు సరిగ్గా చూసినాడా? ఇంకోసారి చూడమనండి" అన్నాను. ఆ అనుమానం ఆయన దగ్గర అబ్బిందే.

గిద్దలూరు, దోర్నాల రోడ్ల మీద బస్సు నడిపి రిటైరైన మనిషి. మార్కాపురంలో మా పక్కింట్లోనే ఉండేవాడు. పెద్దమ్మ కాఫీ ఇస్తే "చక్కెర ఏసినావా, ఏసినానని చెప్తాండావా?" అనేవాడు. వన్‌వే వీధిలో కూడా రెండు వైపులా చూసి గానీ దాటేవాడు కాదు. "బోర్డు చదవనోడే నిన్ను గుద్దేది" అని మాకు చెప్పేవాడు. ఎక్కడైనా రోడ్డు వెడల్పు చేస్తున్నారంటే మేం సంబరపడేవాళ్లం. ఆయన మాత్రం "బండ్లు పోయేదానికి కాదు, ఇంకో నాలుగు నిలబెట్టుకునేదానికి" అని పెదవి విరిచేవాడు.

నాలుగేళ్ల కిందట మా బజారులో ట్రాఫిక్ తగ్గించాలని మీటింగు పెట్టారు. తోపుడు బండ్లు తీసేస్తే చాలని పెద్ద దుకాణాల వాళ్లు తేల్చేశారు. మా అమ్మ పండ్ల బండి బజారు మలుపులోనే ఉండేది. నాన్న లేని మా ఇల్లు గడిచేది దాని మీదే.

పెదనాయనకు అనుమానం వచ్చింది. "అడ్డమెవురో చూడకుండానే బండ్లంటాండారే, ఏంది కత?" అని పలక, బలపం తీసుకుని వారం రోజులు మందుల షాపు అరుగు మీద కూర్చున్నాడు. రోడ్డు ఆగినప్పుడల్లా ఎవరి వల్ల ఆగిందో గీత పెట్టాడు. సరుకు దించే లారీలకు ఎక్కువ గీతలు పడ్డాయి. ఆ తర్వాత దుకాణాల ముందు నిలిపిన కార్లకు. తోపుడు బండ్లలో గీతలు పడింది ఒక్కదానికే. అది మా అమ్మది.

ఆ పలక తీసుకుపోయి తర్వాతి మీటింగులో పెట్టాడు. లారీలు తెల్లవారకముందే సరుకు దించాలని, కార్లు ఖాళీ స్థలంలో పెట్టాలని అనుకున్నారు. బండ్లన్నీ ఉన్నచోటే ఉన్నాయి, అమ్మది తప్ప. ఆమె సందులోకి పోవాల్సి వచ్చింది. బేరం సగానికి పడిపోయింది.

"ఊరందరినీ అనుమానించి ఆఖరికి ఇంట్లోవాళ్లనే పట్టిచ్చినాడు" అని అమ్మ ఏడ్చింది.

"నీ బండి దాచిపెట్టి రాస్తే మిగిలింది ఎవురు నమ్ముతారమ్మా?" అన్నాడాయన మా గుమ్మంలో నిలబడి. అమ్మ లోపలికి పోయింది. ఆ తర్వాత ఆయనతో మాట్లాడనే లేదు.

ఆయన మాత్రం రోజూ సందులోకి వచ్చి రెండు జామకాయలు కొనేవాడు. పురుగుందేమోనని తిప్పి తిప్పి చూసేవాడు. అమ్మ ముఖం చూడటానికే వస్తున్నాడని నా అనుమానం. అడిగితే "ఈడ కాయలు బాగుంటాయిలే" అన్నాడు. ఆ మాట నేను ఇప్పటికీ నమ్మను. బజారులో మిగతా బండ్ల వాళ్లు ఈ రోజు అన్నం తింటున్నారంటే ఆయన వల్లే. నాకు ఆయనంటే గర్వం. అమ్మ ముందు ఎప్పుడూ ఆ మాట అనలేకపోయాను.

ఆయన పోయిన మూడో రోజు దుకాణాల వాళ్లు సంతాపం ఫ్లెక్సీ పెట్టారు. ఆయన ఫొటో కంటే కింద వాళ్ల ఫొటోలే పెద్దవి. పైగా పెట్టింది సరిగ్గా మలుపులో. ఎదురొచ్చే బండి కనబడక ఆటోలు, తర్లుపాడు బస్సు నిలిచిపోయి హారన్లు కొడుతున్నాయి. అమ్మ సందులోంచి వచ్చి ఫ్లెక్సీ కర్ర పట్టుకుంది.

"అడ్డం ఉండావు బావా, రోంత జరుగు" అంది.

గోడ వారకు లాగి నిలబెట్టింది. ఆటోలు ఒక్కొక్కటే కదిలిపోయాయి. అమ్మ మాత్రం ఆ కర్ర వదలకుండా అక్కడే నిలబడింది.