తోటలో కాపురం, ఊళ్లో తాళం

ఈ ఉదయం మామిడిపండ్ల బుట్ట విప్పగానే ఎండుగడ్డి వాసన గదంతా పరుచుకుంది. ఆ వాసనకు నాకు గుర్తొచ్చేది పండు కాదు, నూజివీడు గ్రంథాలయాధికారి సీతారామయ్య గారు. ఆయన గురించి ఎవరూ ఎక్కడా రాయలేదు. ఎరిగినవాళ్లం ఇద్దరు ముగ్గురం మిగిలాం. అందుకే రాసి తీరాలనుకున్నాను.

మాది ముసునూరు. మామిడి పూత పట్టిందంటే మా ఇంటికి తాళం పడేది. కాపలాకు కుదిరిన తోటలో పాక వేసుకుని, కోతలు ముగిసేదాకా అక్కడే కాపురం. ఏటా తోట మారేది. ఎనిమిదో తరగతితో బడి ఆగినా, నూజివీడు గ్రంథాలయంలోని ఇంగ్లీషు వ్యాకరణం రెండుసార్లు చదివాను. పెద్ద పట్టణాలకు ‘ఇన్’, చిన్న ఊళ్లకు ‘ఎట్’ అని కంఠతా వచ్చు.

అరవైల తొలినాళ్లలో గ్రంథాలయ సహాయకుడి ఉద్యోగానికి బెజవాడ నుంచి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. నాన్న నడుము పడిపోయింది. ఈ ఉద్యోగం తప్పితే ఆయన కాపలా కర్ర నేనే పట్టాలి, చదువు అంతటితో సరి. ఎక్కడ ఉంటావని ఇంగ్లీషులో తప్పక అడుగుతారని సీతారామయ్య గారు వారం ముందే నాచేత సాధన మొదలుపెట్టించారు.

‘ఐ లివ్ ఇన్ నూజివీడ్’ అన్నాను ధీమాగా.

“నూజివీడులో నీ ఇల్లెక్కడోయ్ వీర్రాజూ?”

“లేదండీ. పట్నం పేరైతే బాగుంటుందని.”

ముసునూరు అనొచ్చుగా అన్నారు. అక్కడిప్పుడు తాళమే కదండీ అన్నాను. మరి ఉండేదెక్కడ అంటే తల దించుకున్నాను. తోట అంటే కాపలావాడినని తెలిసిపోతుంది.

“నువ్వున్న చోటు ముందు నువ్వు ఒప్పుకో. దాని ముందు ఏ మాట పెట్టాలో నీ పుస్తకం చెబుతుంది. చదివింది ఆ పాకలోనే కదా?”

నాకు కోపమే వచ్చింది. అయినా ఆ వాక్యంలో ఊరి పేరు తీసి తోట పెట్టి, పాకదాకా పైకి అంటూనే నడిచాను.

బెజవాడలో ‘ఐ లివ్ ఇన్ ఎ మ్యాంగో గార్డెన్’ అన్నాను. తోట నీదా అని ఒక అధికారి తెలుగులో అడిగాడు. కాపలా ఉంటామని చెప్పాను.

“ఉత్తరం ఎక్కడికి పంపాలయ్యా?”

“నెలాఖరుదాకా తోటకండీ. కోతలయ్యాక ముసునూరుకు.”

ఆయన నవ్వలేదు. రెండు చిరునామాలూ రాసుకుని, పాకలో ఏం చదివావో చెప్పమన్నాడు. అప్పుడిక నన్ను ఆపడం వాళ్ల తరం కాలేదు.

ఉత్తర్వు తోటకే వచ్చింది.

తర్వాత గ్రంథాలయంలో ముప్ఫయ్యేళ్లు పనిచేశాను. సభ్యత్వ పత్రంలో చిరునామా దగ్గర కలం ఆగినవాళ్లను, ఇప్పుడు వంట ఎక్కడ చేసుకుంటున్నారని అడిగేవాణ్ణి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసేవాణ్ణి.

ఇంటర్వ్యూనాడు నా బదులు తోట కాసిన తమ్ముడు నాగభూషణానికి, ఇస్త్రీ చొక్కా ఇచ్చిన పక్కతోట కోటయ్యకు, చెట్ల వరసల్లో నన్ను వెతుక్కుంటూ వచ్చిన పోస్టుమాన్ మస్తాన్ గారికి, నాకు కోపం తెప్పించిన సీతారామయ్య గారికి కృతజ్ఞతలు.