బాపు పోగులో గుండెకాయ

మీరు చదవబోయేది మహాకావ్యం. ఇందులో భూగర్భం ఉంది, మృత్యువు ఉంది, తన వాటా కోసం ప్రతి ఆదివారం తిరిగొచ్చే మనిషి ఉన్నాడు. అంత లేదు లెండి. ఉన్నది ఒక మేక, అదీ కోసిన మేక.

గోదావరిఖనిలో మా క్వార్టర్ల లైను వాళ్లంతా కలిసి ఆదివారం మేకను కోసేవారు. మోదుగాకుల మీద మాంసాన్ని సమానంగా పోగులు పెట్టేవారు. ఎవరికీ అన్యాయం జరగొద్దని గుండెకాయను కూడా ముక్కలు చేసి అన్నిట్లో వేసేవారు. తర్వాత ఒకాయన అటు తిరిగి నిలబడేవాడు. పక్కింటి కాక ఒక పోగు మీద వేలు పెట్టి "గిది ఎవలది?" అంటే ఆయన చూడకుండా ఒక పేరు చెప్పేవాడు. ఆ పోగు వాళ్లది.

నాన్నను మేం బాపు అంటాం, గనిని బాయి అంటాం. మా బాపు బాయిలో బొగ్గు నింపేవాడు. ఒకనాడు మొదటి షిఫ్టులో ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు, మళ్లీ లేవలేదు. గుండెకు రక్తం తెచ్చే నాళం మూసుకుపోయిందని దవాఖానలో చెప్పారు. దినాలయ్యాక వచ్చిన ఆదివారం, ఇక మా పోగును నా పేరుతో పిలవాలనుకున్నారు. అటు తిరిగిన మనిషికి అలవాటుగా బాపు పేరే నోట్లోంచి వచ్చింది. అందరూ బాయి దారి వైపు చూశారు. ఎవరూ రాలేదు. నేనే వెళ్లి తీసుకున్నాను. ఆ తర్వాత పేరు మార్చే ధైర్యం ఎవరికీ లేకపోయింది. వారం వారం ఆయన్ని పిలిచేవారు, నేను వెళ్లేవాణ్ణి. దయ్యాలకు కొడుకులుంటే వాళ్ల డ్యూటీ ఇదే కాబోలు.

మా అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. అవ్వ ఆ పోగులోంచి గుండె ముక్కను ఏరి గోడ మీద పెట్టేది. లైన్లో పిల్లి లావెక్కింది. బాయి మీద షిఫ్టు సైరన్ మోగినప్పుడు ఆమె చేతిలో పని ఆగిపోయేది. వాము డబ్బాను ఎందుకో అటక మీదికి ఎక్కించింది.

అప్పుడు నేను కాలేజీలో జువాలజీ చదువుతున్నాను. సోమవారం ప్రాక్టికల్‌కు గొట్టాలు తెగని మేక గుండె తెమ్మన్నారు. కాకను అడిగాను.

"మా అందరి గుండె నీ ఒక్కనికేనా? పాసైతవా మరి?"

"మేక చేతుల ఉన్నది కాకా."

"అది సచ్చింది గదరా."

"గందుకే దాని మీద నమ్మకం."

ఆ వారం అందరూ తమ ముక్క వదులుకున్నారు. బాపు పేరు పిలిచేసరికి, పోగు మీద గుండె నిండుగా ఉంది. పెద్ద గొట్టం మూతి తెరుచుకుని ఏదో చెప్పబోతున్నట్టుంది. ఏమీ చెప్పలేదు.

ఇంట్లో అవ్వ దాన్ని చూసింది. గోడ వైపు పోలేదు.

"కొయ్యి."

"రేపు కాలేజీల సూపియ్యాలె."

"కొయ్యి బిడ్డా. మీ బాపుకు ఏడ ఆగిందో నాకు సూపియ్యి."

కోశాను. పైన రెండు పలచటి గదులు, కింద రెండు. కింది ఎడమ గది గోడ వేలంత మందం. ఒళ్లంతటికీ రక్తం తోసేది అదే. అందులోంచి లేచే పెద్ద గొట్టం బృహద్ధమని. దాన్ని చీలిస్తే మొదట్లో జేబుల్లాంటి మూడు కవాటాలు, వాటి దగ్గరే రెండు చిన్న రంధ్రాలు. ఒకదానిలోకి చీపురుపుల్ల దూర్చాను. గుండె మీది కొవ్వు కింద పుల్ల కదిలింది.

"గిదే అవ్వా. అందరికి రక్తం పంపేది గుండెనే. దాని తిండి మాత్రం గీ సందులకెళ్లే."

"గింత సన్నగనా?"

"గింతే."

ఆమె పుల్ల కొసను వేలితో తాకింది. "ఆ పొద్దు ఛాతిల మంట అన్నడు. వాము నమిలిపిచ్చి డ్యూటీకి తోలిన. ఇంట్ల ఉంచుకుంటే బతుకునా?"

నేను కత్తి కింద పెట్టాను.

"ఏమో అవ్వా. గిది మంచిగున్న మేకది. గని కొవ్వు కిందున్నదాన్ని నువ్వెట్ల సూస్తవు? పుల్ల పెడితె గద నాకే కనబడ్డది."

ఆమె పుల్లను తన చేతిలోకి తీసుకుని ముందుకూ వెనక్కూ కదిపింది. చాలాసేపు కదిపింది. తర్వాత లేచి, అటక మీది వాము డబ్బా దించి పాత చోట పెట్టింది.

"పొయ్యి అంటియ్యి."

"మరి కాలేజీకి?"

"మీ సారుకు పుస్తకం ఉన్నది గద."

ఆ రోజు పిల్లికి ఏమీ దొరకలేదు. గుండెకాయను మిగతా మాంసం కంటే ముందే కుండలో వెయ్యాలి. లేకపోతే ఉడకదు, రబ్బరులా సాగుతుంది.